గై క్లార్క్ కచేరీ క్యాసెట్‌లో పాట పాటకూ శ్రుతి పెరుగుతోంది, సరిచేయడం ఎలా?

టెక్సాస్ గాయకుడు, పాటల రచయిత గై క్లార్క్ 2016లో కన్నుమూశారు. ఆయన ఒక్కరే గిటారుతో పాడిన పాత కచేరీని ఓ మిత్రుడు బ్యాటరీ రికార్డరుతో క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నారు. 90 నిమిషాల టేపు. దాన్ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా 44,100 హెర్ట్జ్ శాంపిల్ రేటుతో కంప్యూటర్‌లోకి తీసుకున్నాను.

గొంతు సన్నగా, తొందరగా వినిపిస్తోంది. ఆ నింపాదితనం పోతే ఆయన పాటలో సగం ప్రాణం పోయినట్టే. పాటల మధ్య ఆయన గిటారు శ్రుతి చేసుకునేటప్పుడు కొలిచాను. 82.4 హెర్ట్జ్ ఉండాల్సిన లావు తీగ 3వ నిమిషంలో 87.3, 40వ నిమిషంలో 92.5 పలుకుతోంది. అంటే మొదట ఒక స్వరస్థానం ఎక్కువ, చివరికి రెండు. రికార్డు చేస్తున్నప్పుడే బ్యాటరీలు నీరసించి, టేపు నెమ్మదించి ఉంటుందని, అందుకే ఇప్పుడు మామూలు వేగంతో వింటే శ్రుతి పెరుగుతోందని నా అనుమానం.

క్యాసెట్ ప్లేయరు (డెక్) హెడ్, రబ్బరు రోలరు స్పిరిట్‌తో తుడిచాను. మరో డెక్‌లో వేసినా అంతే. మొత్తం వేగాన్ని 5.6 శాతం తగ్గిస్తే మొదటి పాట చక్కగా కుదిరింది, చివరి పాట కుదరలేదు. పాటలు విడగొట్టి సరిచేస్తే, అతుకుల దగ్గర చప్పట్ల ధ్వని ఉన్నట్టుండి మారిపోతోంది.

ఇలా క్రమంగా పెరిగే వేగాన్ని అతుకులు లేకుండా, టేపు పొడవునా సరిచేసే పద్ధతి ఏమిటి?