బాలింతల గుండె సంరక్షణ: చిన్న ఊళ్ళలో ఇంటి బీపీ మిషన్ సరిపోతుందా, పెద్దాసుపత్రికే పంపాలా?

వెన్నెల72:
గుండె డాక్టరు లేని ఊళ్ళ సంగతే అడుగుతున్నాను. గర్భంలోనో కాన్పు సమయంలోనో బీపీ పెరిగిన తల్లికి ఇంటికి వెళ్ళేటప్పుడే మిషన్ ఇచ్చి, రీడింగులు ఫోన్‌లో పంపమంటే సరిపోదా? పచ్చి బాలింతను గంటల తరబడి ప్రయాణం చేయించడం దేనికి? కాన్పయ్యాక బీపీ బాగా పెరిగేది 3 నుంచి 6 రోజుల మధ్య. అప్పటికి చాలామంది ఇంట్లోనే ఉంటారు. ఆరు వారాల చెకప్ దాకా ఆగితే ఆ ముప్పు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, లేదా జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. నా ఓటు మిషన్‌కే.

రాత్రిడ్యూటీ:
మిషన్ వద్దనను. కానీ దానికి దొరకని జబ్బు ఒకటుంది: పెరిపార్టమ్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం బలహీనపడటం. గర్భం చివరి నెల నుంచి కాన్పయిన ఐదు నెలల వరకు ఎప్పుడైనా రావచ్చు. నీరసం, కాళ్ళ వాపు, కాస్త ఆయాసం మామూలు బాలింతకీ ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అందుకే నేను ముందు అడిగేది, "వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతోందా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావమ్మా?" అని.

ఒకమ్మాయి "కుర్చీలోనే నిద్రపోతున్నానక్కా, ఒళ్ళో ఉంటేనే బిడ్డ ఊరుకుంటోంది" అంది. ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు. తీరా చూస్తే పడుకోగానే దగ్గు, ఉక్కిరిబిక్కిరి. బీపీ మామూలుగానే ఉంది. ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె పంపింగ్ బాగా పడిపోయింది. మిషన్‌ను నమ్ముకుని ఉంటే "అంతా బాగుంది" అని మెసేజ్ పెట్టేవాళ్ళం!

వెన్నెల72:
ఒప్పుకుంటాను, కానీ అది అరుదు. బీపీ సమస్య అంతకంటే చాలా ఎక్కువమందికి వస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం చూడండి. క్లినిక్‌కు రమ్మన్న తల్లుల్లో మొదటి పది రోజుల్లో బీపీ నమోదైంది సుమారు 44 శాతానికే. మిషన్ ఇచ్చి ఫోన్‌లో మెసేజ్ పంపమన్నవాళ్ళలో 92 శాతానికి.

కూడికతీసివేత:
అది మహానగరం అండీ. రీడింగు చూసి వెంటనే స్పందించే డాక్టర్లు అక్కడ ఉన్నారు. మా ఆవిడ రాత్రిపూట 164/112 పంపితే "మీ వివరాలు అందాయి" అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. అంతే! 160/110 దాటితే అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగే పని కాదు. తలనొప్పి లేదు కదా అని మేం ఊరుకుంటే ఏమయ్యేది? ఫోన్ ఎత్తే మనిషి లేనప్పుడు మిషన్ ఇచ్చి పంపడం చేతులు దులుపుకోవడమే. ఇంకోటి, చేతి లావుకు పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ టెన్షన్ వేరు.

రాత్రిడ్యూటీ:
సరిగ్గా చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సిఫార్సుల్లో కాన్పయిన మొదటి 24 గంటల తర్వాత కనీసం మరో మూడుసార్లు తల్లిని చూడాలని ఉంది: కాన్పయిన 48–72 గంటల మధ్య, 7–14 రోజుల మధ్య, ఆరో వారంలో. అవి ఇంటి దగ్గర నర్సు చేయగలిగినవే. అందరినీ పెద్దాసుపత్రికి తోలక్కర్లేదు. పడుకుంటే ఆయాసం, గుండెదడ, ఒక్కసారిగా బరువు పెరగడం కనిపిస్తే మాత్రం ఆ రోజే ఎకోకు పంపాలి. దూరమైతే ముందు బీఎన్‌పీ రక్త పరీక్ష చేయించవచ్చు. అది మామూలుగా వస్తే గుండె వైఫల్యం అయ్యే అవకాశం బాగా తక్కువ.

వెన్నెల72:
సరే, మిషన్‌తోపాటు రాత్రి కూడా పలికే ఒక నంబరు. ఇది లేకుండా నా ఓటు నేనే వెనక్కి తీసుకుంటాను. ఆరు వారాల తర్వాత మాటేమిటి? ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి మూత్రపిండాలు, కాలేయం లాంటివి దెబ్బతినే జబ్బు, వచ్చినవాళ్ళకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపు. ఆ ముక్క డిశ్చార్జి కాగితంలో ఎవరు రాస్తున్నారు?

కొత్తమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పాలిస్తూ బీపీ మాత్రలు వేసుకోవచ్చా? ఇంట్లో మానేయమంటున్నారు.

రాత్రిడ్యూటీ:
మీ అంతట మీరు మానేయకండి తల్లీ. నిఫెడిపిన్, లాబెటలాల్, ఎనలాప్రిల్ పాలిచ్చే తల్లులకు మామూలుగా ఇచ్చేవే. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఇంతకీ పడుకుంటే ఊపిరి బాగానే ఆడుతోందా?