మోంటెపుల్చానో ఒక్కరోజులో: ఏ స్టేషన్, ఏ వైన్ సీసా?

గుంటూరుమిర్చి: ఇటలీలో వైన్‌కి పేరున్న కొండ ఊరు మోంటెపుల్చానోకి ఫ్లారెన్స్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలి. ఊరి పేరుతోనే ఒక స్టేషన్ కనబడుతోంది, అక్కడ దిగొచ్చా? ఇద్దరిలో ఒకరు శాకాహారి.

రైలుబండి: వద్దండి. ఆ స్టేషన్‌కి పేరొక్కటే ఊరిది, ఊరు సుమారు 10 కిలోమీటర్ల అవతల కొండమీద ఉంది. రోమ్ వైపు వెళ్లే రీజియోనాలే (ప్రాంతీయ రైలు) బండెక్కి కియూసిలో దిగండి, అక్కణ్ణుంచి బస్సు. కాగితం టికెట్ అయితే రైలెక్కే ముందే మిషన్‌లో ముద్ర వేయించాలి, లేదంటే టికెట్ ఉండీ జరిమానా. ఆదివారం మాత్రం బస్సుల్ని నమ్ముకోవద్దు.

స్టీరింగ్‌శాస్త్రి: కారైతే లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇండియాలోనే తీసుకోండి. కోటగోడ బయటే పార్క్ చెయ్యాలి. జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బళ్లు రాకూడని ప్రాంతం, దాని బోర్డు (తెలుపు మీద ఎర్ర వలయం) దాటితే కెమెరా నంబరు పట్టేస్తుంది. నెలల తర్వాత జరిమానా, దానిపైన అద్దెకారు వాళ్ల ఛార్జీ. మ్యాపేమో దగ్గరిదారని తిన్నగా లోపలికే తోలుతుంది! పార్కింగ్‌లో తెల్ల గీతలు ఉచితం, నీలం డబ్బులకి, పసుపు మనకి కాదు. నడిపేవాళ్లు వైన్ రుచి చూడ్డం మానుకోవడమే మేలు: హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, లైసెన్సుకి 3 ఏళ్లు నిండకపోతే సున్నా.

ద్రాక్షతోట: సీసా మీద ‘వీనో నోబిలే ది మోంటెపుల్చానో’ అని ఉండాలి. ‘మోంటెపుల్చానో ద’అబ్రుట్సో’ వేరే ప్రాంతానిది, అక్కడ అది ద్రాక్షరకం పేరు. నోబిలేలో కనీసం 70 శాతం సాంజోవేజే ద్రాక్ష, ఇక్కడివాళ్ల మాటలో ప్రున్యోలో జెంటిలే. 2 ఏళ్లు నిలవుంచాకే అమ్ముతారు, ‘రిజర్వా’ అని రాసి ఉన్నదైతే 3 ఏళ్లు. ఇక్కడిదే లేతది, చవకది ‘రోస్సో’ అనే వైన్. ముందు అదే అడగండి. నోబిలేతో మొదలెడితే అలవాటు లేని నాలుకకి పచ్చి అరటికాయ కొరికినట్టు వగరు. ఒక పెకోరినో (గొర్రెపాల చీజ్) ముక్క నమిలి మళ్లీ గుక్క వేస్తే ఆ వగరు విరుగుతుంది.

పప్పన్నం: శాకాహారులు జాగ్రత్త, పెకోరినో పాలు విరిచేది మామూలుగా దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో. ‘పీచి ఆల్’అల్యోనే’ చెప్పండి: పిండి, నీళ్లు కలిపి చేత్తో పేనిన లావుపాటి పాస్టా, టమాటా, ‘అల్యోనే’ అనే పెద్ద వెల్లుల్లి రెబ్బలు. గుడ్డు సాధారణంగా ఉండదు, అడిగి నిర్ధారించుకోండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలాచోట్ల పొయ్యి ఆర్పేస్తారు.

రైలుబండి: కింది గేటు నుంచి పైనున్న పెద్ద కూడలి పియాట్సా గ్రాండే దాకా అంతా ఎక్కుడే. చిన్న బస్సులో పైకెళ్లి నడిచి దిగండి. ఆగస్టు ఆఖరి ఆదివారమైతే అదే దారిలో 8 పేటలవాళ్లు 80 కిలోల పీపాలు దొర్లిస్తూ పరుగెడతారు, ఆ రోజు కారు ఊసే వద్దు.

గుంటూరుమిర్చి: మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చా?

ద్రాక్షతోట: మన కస్టమ్స్‌లో సుంకం లేనిది మనిషికి 2 లీటర్లే. 750 మిల్లీలీటర్లవి మూడైతే 2.25. రెండే కొనండి, బట్టల మధ్య చుట్టి చెకిన్ పెట్టెలో వెయ్యండి.