మూడో నెల నడుస్తోంది, ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పండి

నాకిప్పుడు 11వ వారం, తొలిచూలు. ఉండేది పుణేలో, దగ్గర పెద్దవాళ్లెవరూ లేరు. పోపు వాసన వస్తే చాలు వాంతి, మజ్జిగ తప్ప ఏదీ ఇమడటం లేదు. డాక్టరమ్మని అడుగుదామంటే బయట అంతమంది కూర్చుని ఉంటారు, అన్నీ మర్చిపోయి వచ్చేస్తున్నా. ఎప్పుడు ఏం మార్పులొస్తాయి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు? కాన్పులైన అక్కలు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
చెల్లీ, వేవిళ్లు చాలామందికి నాలుగో నెలలో తగ్గుముఖం పడతాయి. నాకు రెండోసారి ఐదో నెల దాకా ఉన్నాయి. పొద్దున మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు తిను, కడుపు ఖాళీగా ఉంచితే ఇంకా తిప్పుతుంది. మంచినీళ్లు కూడా నిలవక మూత్రం తగ్గిపోతే మాత్రం ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం చూసేది) 14 వారాలు నిండకముందే చేయాలి, ఇప్పుడే అడుగు. బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో చూసే టిఫా స్కాన్ ఐదో నెలలో. తొలిచూలులో బిడ్డ కదలిక తెలిసేసరికి 20 వారాలు కావచ్చు, మొదట్లో గ్యాసేమో అనిపిస్తుంది, కంగారు పడకు. 24 వారాలకీ తెలియకపోతే చూపించుకో.

జవాబు 2
నేను నర్సుని. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు ఇస్తారు, టీ కాఫీలతో వేసుకోకండి, కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. ఐరన్ వల్ల విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి మానేసేవాళ్లని చాలామందిని చూశాను. 24-28 వారాల మధ్య షుగర్ పరీక్ష తప్పనిసరి, ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోయినా సరే. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు.

జవాబు 3
నా సంగతి చెప్పాలి. ఎనిమిదో నెలలో ముఖం, చేతులు వాచాయి. ఒంటికి నీరు పట్టింది, మామూలేనన్నారు అందరూ. రెండు రోజులు తలనొప్పి ఓర్చుకుని, కళ్లు మసకబారాక వెళ్తే బీపీ 160/110. అదే రోజు ఆపరేషన్, బాబు 1.9 కిలోలు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. సాయంత్రానికి పాదాలు వాయడం వేరు, ఇది వేరు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా వెళ్లిపో.

అడిగిన అమ్మాయి
అక్కలందరికీ థాంక్స్. ఎన్‌టీకి శుక్రవారం రమ్మన్నారు. ఇవన్నీ మావారితో చదివించాను. పురిటికి ఏడో నెలలో రైల్లో రాజమండ్రి వెళ్లొచ్చా?

జవాబు 2
అన్నీ బాగుంటే వెళ్లొచ్చమ్మా, ముందు మీ డాక్టరుని అడగండి. కింది బెర్తు తీసుకుని, గంటకోసారి లేచి నడవండి. రిపోర్టులన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి.