నాలుగు నెలల పాపతో చలికాలం సెలవుల ప్రయాణం: 9 గంటల విమానం, ఆపైన 3 గంటల కారు

తొలిపాప_ఇల్లు (ప్రశ్న):
డిసెంబరు చివరి వారంలో బంధువుల ఇంటికి వెళ్తున్నాం. అప్పటికి పాపకి నాలుగు నెలలు నిండుతాయి. విమానం 9 గంటలు, దిగాక కారులో 3 గంటలు. అక్కడ రాత్రిళ్లు సున్నా డిగ్రీల కిందికి పోతుంది. పాప ఎక్కువగా తల్లిపాలే తాగుతుంది, రోజుకి ఒకటి రెండుసార్లు డబ్బా పాలు. ఎన్ని పొరల బట్టలు వేయాలి? విమానంలో చెవులు నొప్పెట్టకుండా ఏం చేయాలి? పిండిన పాలు ఎంతసేపు నిలవుంటాయి? ఆ ఇంట్లో పదిహేను మంది దాకా ఉంటారు, అందరూ పాపని ఎత్తుకోవాలని ఎదురుచూస్తున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఉన్నిటోపీ:
ముందు కారు సంగతి చెప్తానండీ, చలికాలంలో ఎక్కువమంది పొరబడేది అక్కడే. దూది కుక్కిన లావు కోటు వేసి పాపని కార్ సీట్లో పెట్టి పట్టీలు లాగితే బిగుతుగానే కనిపిస్తాయి. కానీ పట్టీ బిగిసింది కోటు మీద, పాప ఒంటి మీద కాదు. కారు దేన్నైనా గుద్దితే ఆ దూది ఒక్కసారిగా అణిగిపోయి పట్టీ వదులవుతుంది, పాప అందులోంచి జారిపోవచ్చు. ఇంట్లోనే పరీక్షించి చూడండి. కోటుతో కూర్చోబెట్టి పట్టీలు బిగించండి. వాటి పొడవు మార్చకుండా పాపని తీసి, కోటు విప్పి, మళ్లీ అదే పట్టీల్లో పెట్టండి. ఎంత ఖాళీ ఉందో మీకే తెలుస్తుంది.

కాబట్టి కారులో ఒంటికి అతుక్కునే పల్చటి నూలు బట్ట, దాని మీద పూర్తి చేతుల జత, పైన పల్చటి ఉన్ని పొర. అంతే. పట్టీలు బిగించాక భుజం ఎముక దగ్గర వేలితో గిల్లినట్టు పట్టుకుంటే పట్టీ మడత చేతికి రాకూడదు. ఛాతీ క్లిప్పు ఉంటే చంకల ఎత్తులో ఉండాలి. ఈ వయసులో సీటు వెనక్కి తిరిగే ఉండాలి, పట్టీలు పాప భుజాలకి సమానంగానో కొంచెం కిందనో మొదలవ్వాలి. సీటు అడుగున బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో వద్దే వద్దు. దుప్పటి ఇదంతా అయ్యాక, పట్టీల పైనుంచి నడుము దాకా కప్పండి. కారు వెచ్చబడగానే తీసేయండి.

3 గంటల దారిలో రెండు గంటలు దాటకముందే ఒకసారి ఆపి పాపని సీట్లోంచి బయటికి తీయాలి. నిద్రలో తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనితే చంటిపిల్లల ఊపిరి దారి మూసుకుపోతుంది. ఇల్లు చేరాక పాప హాయిగా నిద్రపోతోంది కదా అని సీటుతో సహా గదిలో దింపి వదిలేయకూడదు. నిద్ర చెడినా సరే, తీసి చదునైన చోట పడుకోబెట్టాలి.

పొరల లెక్క చిన్నదే: అదే చోట పెద్దవాళ్లకి హాయిగా అనిపించే బట్టల కన్నా ఒక పొర ఎక్కువ. పాపని బేబీ క్యారియర్లో (ఒంటికి కట్టుకునే సంచి) గుండెకి కట్టుకుంటే మీ ఒంటి వేడే ఒక పొర. చేతులు, పాదాలు చల్లగా తగిలితే కంగారు పడొద్దు, ఈ వయసులో అది మామూలే. మెడ వెనకో ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి. తడిగా, చెమటగా ఉంటే ఎక్కువైనట్టు. ఇంట్లోకో దుకాణంలోకో అడుగుపెట్టగానే టోపీ, పై పొర తీసేయాలి, పాప నిద్రపోతున్నా సరే. చలి భయంతో అతిగా కప్పడం కూడా ప్రమాదమే, నిద్రలో శిశువు హఠాత్తుగా చనిపోయే ముప్పు వేడితో పెరుగుతుంది.

రన్‌వే_పక్కన:
విమానం విషయాలు నేను చెప్తాను.

చెవి నొప్పి ఎక్కువగా వచ్చేది దిగేటప్పుడు. కేబిన్ గాలి ఒత్తిడి పెరుగుతుంటే, మధ్య చెవినీ గొంతునీ కలిపే సన్నని గొట్టం దానంతట అది తెరుచుకోదు. గుటక వేస్తే తెరుచుకుంటుంది. అందుకే పాలు పట్టమంటారు, కానీ ఎప్పుడు పడుతున్నామన్నదే ముఖ్యం. విమానం కదలగానే మొదలుపెడితే, అది రన్‌వే దగ్గర అరగంట ఆగిందంటే పాప కడుపు నిండిపోయి అసలు సమయానికి నోరు తెరవదు. ఇంజన్ల హోరు పెరిగి పరుగు అందుకున్నప్పుడు పట్టండి. దిగడం నేలను తాకడానికి సుమారు అరగంట ముందే మొదలవుతుంది, అప్పటికి పాపకి ఆకలి వేసేలా ముందు పట్టే పాలు కాస్త జరపండి. పాలు వద్దంటే నోట్లో పాసిఫయర్ (పాలు లేని రబ్బరు పీక) పెట్టినా సరిపోతుంది.

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, పూర్తిగా గడ్డకట్టిన ఐస్ ప్యాకులతో ఇన్సులేటెడ్ సంచిలో 24 గంటలు ఉంటాయి. పాప నోరు పెట్టి మిగిల్చినవి 2 గంటల్లో వాడకపోతే పారబోయాలి. డబ్బా పాలకి గడువు ఇంకా తక్కువ: కలిపాక 2 గంటలు, తాగడం మొదలుపెట్టాక 1 గంట. పొడిలో సూక్ష్మజీవులు ఉండొచ్చు కాబట్టి 70 డిగ్రీలకి తగ్గని నీళ్లతో కలిపి చల్లార్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. విమానంలో అది కుదరడం కష్టం. ముందే ద్రవంగా, సీలు వేసి వచ్చే ఫార్ములా దొరికితే ప్రయాణం రోజుకి అదే మేలు, కాకపోతే పాపకి అది సరిపడుతుందో లేదో వారం ముందే చూసుకోండి. కేబిన్ గాలి బాగా పొడిగా ఉంటుంది, అయినా ఆరు నెలల లోపు విడిగా నీళ్లు పట్టకూడదు, ఫార్ములాలో ఎక్కువ నీళ్లు కలపకూడదు. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. పాలే ఇంకో రెండుసార్లు పట్టండి. ముక్కు ఎండితే పాలకి ముందు ఒక్కో రంధ్రంలో రెండు చుక్కలు సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి మందు).

చేతిసంచిలో ద్రవాలకి ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి శిశువు పాలకి చాలా విమానాశ్రయాలు మినహాయింపు ఇస్తాయి. తనిఖీ దగ్గర సంచిలోంచి తీసి, అడగకముందే చెప్పండి.

బాసినెట్లు (సీటు ఎదురు గోడకి తగిలించే చిన్న తొట్లు) విమానానికి కొన్నే ఉంటాయి, టికెట్ తీసుకున్న రోజే ఫోన్ చేసి అడగండి. బరువు పరిమితి ఒక్కో సంస్థకి ఒక్కోలా ఉంటుంది. ఎదురుగా గోడ ఉండే ఆ వరుసలో కాళ్ల దగ్గర సంచి పెట్టుకోనివ్వరు, టేకాఫ్‌కి అన్నీ పైకి పోతాయి. అందుకని చిన్న జిప్ కవర్లు కట్టుకోండి: ఒక్కోదాంట్లో ఒక డైపర్, నాలుగైదు వైప్స్, ఒక జత బట్టలు, మురికివాటికి ఖాళీ కవరు. టాయిలెట్‌కి అదొక్కటి పట్టుకెళ్తే చాలు. డైపర్లు గంటకొకటి లెక్కన. మీకు విమానాశ్రయంతో కలిపి 15 గంటలు, ఆలస్యాలకి ఇంకో 5. మీ ఇద్దరికీ చెరో మార్చుకునే చొక్కా, పాప కక్కేది ఎక్కువగా ఎత్తుకున్నవాళ్ల మీదే.

ఊయలకొక్కెం:
పదిహేను మంది అన్నారు, నాకు అసలు భయం అక్కడే. చలికాలం ఆర్‌ఎస్‌వీ (చంటిపిల్లల ఊపిరితిత్తులకి సోకే వైరస్), ఫ్లూ తిరిగే కాలం. ఫ్లూ టీకా ఆరు నెలల లోపు పిల్లలకి వేయరు, కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లే వేయించుకోవాలి. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. కోరింత దగ్గు టీకాకీ ఇదే మాట. పాప టీకాలు వయసుకి తగ్గట్టు పూర్తయ్యాయేమో కూడా చూసుకోండి.

అక్కడికెళ్లాక మొహమాటపడితే ఇబ్బంది. వెళ్లకముందే అందరికీ ఒకే కబురు పంపండి: ఎత్తుకునే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి, మొహం మీద ముద్దులు వద్దు, పడిశం ఉన్నవాళ్లు దూరం నుంచే పలకరించాలి. జనం మూగినప్పుడు పాపని క్యారియర్లో కట్టుకుంటే చేతులు మారడం దానంతట అదే తగ్గుతుంది.

పడకకి మడిచే తొట్టి తీసుకెళ్లండి. వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, తలగడా దుప్పటి లేకుండా. దుప్పటికి బదులు వేసే స్లీపింగ్ బ్యాగు 16–20 డిగ్రీల గదిలో 2.5 టాగ్ (వెచ్చదనం కొలత) సరిపోతుంది. చోటు చాలక పాపతో సోఫాలో పడుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. మూసిన గదిలో బొగ్గుతోనో గ్యాస్‌తోనో మండే హీటరు ఉంటే అక్కడ పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

తొలిపాప_ఇల్లు:
చాలా చాలా థాంక్స్. రెండు సందేహాలు. కార్ సీట్లో పరిచే ఉన్ని పరుపు విడిగా అమ్ముతున్నారు, కొనొచ్చా? బయల్దేరే ముందు రోజు పడిశం పడితే?

ఉన్నిటోపీ:
సీటుతో పాటు రానిది ఏదీ పాపకీ పట్టీలకీ మధ్య పెట్టొద్దండీ. లావు కోటుతో వచ్చే ఇబ్బందే దానితోనూ.

ఊయలకొక్కెం:
మామూలు పడిశమైనా డాక్టరుకి చెవులు చూపించాకే విమానం ఎక్కండి. పాప నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి, ఈ వయసులో 50 దాటకూడదు. ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా నేరుగా ఆసుపత్రికి. పాలు మామూలులో సగం కూడా తాగకపోయినా, 6–8 గంటలు డైపర్ పొడిగా ఉన్నా అదే రోజు చూపించాలి. జ్వరం 38 డిగ్రీలు దాటితే డాక్టరుకి ఫోన్ చేయండి, 39 అయితే వెంటనే తీసుకెళ్లండి. పారాసిటమాల్ మోతాదు పాప ఇప్పటి బరువుకి డాక్టరుతో రాయించుకుని, కొలిచే సిరంజితో సహా చేతిసంచిలో పెట్టుకోండి. ఐబూప్రొఫెన్ ఈ వయసుకి వద్దు. టికెట్ తేదీ మార్చుకునే షరతులు కూడా ఇప్పుడే చదివి ఉంచుకోండి, ఆ రోజు పాపని ఎత్తుకుని చదవడం కష్టం.