"కరి మింగిన వెలగపండు" – ఆటగాడికి వాడొచ్చా?

ప్రశ్న: సుమతీ శతకంలో సిరి పోయే తీరుకు చెప్పిన "కరి మింగిన వెలగపండు కరణిని" అన్న మాటను ఫామ్ పోయిన ఆటగాడికి వాడొచ్చా? అమెరికన్ ఫుట్‌బాల్ వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాడు) రాండీ మాస్ మీద వ్యాసం రాస్తూ, అతను ఓక్లాండ్ రైడర్స్‌కు ఆడిన 2005, 2006 సీజన్ల దగ్గర ఈ మాట పెట్టాను. సిరి అంటే డబ్బు కదా, ఆటకెలా అతుకుతుందని ఒక మిత్రుడు పేచీ పెట్టారు.

జవాబు: సిరి అంటే డబ్బొక్కటే కాదండీ. కళ, వైభవం, కలిసొచ్చే కాలం అన్నీ అందులోకి వస్తాయి. నా పేచీ అల్లా మీరు పెట్టిన చోటుతోనే.

వెలగపండు మాటకు ప్రాణం సిరి పోవడంలో లేదు, పోయిన తీరులో ఉంది. పెంకు చెక్కు చెదరదు, గుజ్జు మాత్రం ఉండదు. ఓక్లాండ్‌లో జరిగింది దీనికి తలకిందులు. పైకి పనైపోయినట్టే కనిపించాడు గానీ లోపల సరుకు అలాగే ఉంది.

పద్యం మొదటి సగం, అదే కొబ్బరికాయలో నీళ్లు చేరినట్టు సిరి రావడం, అతనికి బాగా నప్పుతుంది. మైదానం బయటి గొడవల వల్ల 1998 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే చోట) చాలా జట్లు అతన్ని వదిలేస్తే, 21వ పిక్‌గా మిన్నెసోటా వైకింగ్స్ తీసుకుంది. ఆ ఏడాదే 17 టచ్‌డౌన్లు (బంతిని అవతలి జట్టు గీత దాటించడం), కొత్త రిసీవర్లలో రికార్డు. వదిలేసిన జట్లలో డాలస్ కూడా ఉంది. థ్యాంక్స్‌గివింగ్ రోజున వాళ్ల మీద పట్టింది మూడే బంతులు, మూడూ టచ్‌డౌన్లే: 51, 56, 56 గజాలు.

ఇక రిసీవర్ సిరి తన చేతిలో ఉండేది సగమే. ఎంత పరిగెత్తినా విసిరేవాడు సరిగ్గా విసరాలి. 2006లో రైడర్స్ 16 ఆటల్లో గెలిచింది రెండు, మాస్ టచ్‌డౌన్లు మూడు. 2007లో డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ పిక్ ఒక్కటి తీసుకుని అతన్ని న్యూ ఇంగ్లాండ్‌కు ఇచ్చేశారు. అక్కడ విసిరేవాడు ఆ పనిలో మేటి అయిన టామ్ బ్రేడీ. ఆ సీజన్‌లో మాస్ టచ్‌డౌన్లు 23. ఒక సీజన్‌లో 22 పట్టిన రిసీవర్ జెర్రీ రైస్ రికార్డు పోయింది. లీగ్ దశ చివరి ఆటలో న్యూయార్క్ జెయింట్స్ మీద ఒక పొడుగు బంతిని చేజార్చుకున్నాడు. వెంటనే మళ్లీ అలాంటి బంతే వేశారు, ఈసారి 65 గజాలు, టచ్‌డౌన్. 23వది అదే.

మీ మాట ఎక్కడైనా నప్పితే 2010లో నప్పుతుంది. ఒక్క సీజన్‌లో మూడు జట్లు: న్యూ ఇంగ్లాండ్, మళ్లీ మిన్నెసోటా, ఆపైన టెనెసీ. టెనెసీలో ఎనిమిది ఆటలకు ఆరు క్యాచ్‌లు, టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. అదే పేరు, అదే ఎత్తు, అదే మనిషి. పెంకంటే అది.

ఇంకొకరు: "ఓడలు బండ్లవుతాయి" అంటే సరిపోదా? ఎందుకీ వెలగపండు?

జవాబు: సరిపోతుంది, కానీ అది స్థితి తారుమారైందని చెప్పి ఊరుకుంటుంది. ఉన్నట్టే ఉండి లేకపోవడం అందులో రాదు. పైగా మరీ అరిగిపోయిన మాట, ప్రతి ఎన్నికల ఫలితాలకీ అదే వాడతారు.

మరొకరు: కరి అంటే ఏనుగు కాదు, వెలగపండును తొలిచే పురుగని చదివాను.

జవాబు: ఆ వ్యాఖ్యానం ఉంది. అయితే సంస్కృతంలో "గజభుక్త కపిత్థం" అనే మాట ఉంది కాబట్టి నేను ఏనుగు పక్షమే. ఎటు తీసుకున్నా ఇక్కడి అర్థం మారదు.

ఇంకొకరు: అడ్డుకునే ప్రత్యర్థి డిఫెండర్ నెత్తిమీంచి బంతి పట్టేస్తే అమెరికాలో "మాస్డ్" అంటారు, ఇతని పేరు మీదే. మనవాళ్లకు మాస్ అంటే వేరే కదా అని వ్యాసంలో ఓ ముక్క తగిలించండి.

ప్రశ్న అడిగినవారు: తగిలిస్తాను. వెలగపండును టెనెసీకి మారుస్తాను. మరి 2012 సీజన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు తరఫున సూపర్‌బౌల్ ఫైనల్ దాకా వెళ్లాడు, దాన్నేమనాలి?

జవాబు: 2011 అంతా ఆటకు దూరంగా ఉండి వచ్చి 28 క్యాచ్‌లు, మూడు టచ్‌డౌన్లు. అక్కడ పద్యం ఎందుకండీ, అంకెలు రాసేయండి.