నాన్నగారి సాంవత్సరికానికి చిన్న పుస్తకం: ఏమి రాయాలి, ఏమి వదిలేయాలి?

ప్రశ్న (కందుకూరు ఆడపడుచు):

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. మా నాన్నగారు నిరుడు మాఘమాసంలో కాలం చేశారు. సాంవత్సరికానికి వచ్చే బంధువులకూ ఊరివారికీ ఆయన జీవితం గురించి ఒక చిన్న పుస్తకం పంచాలని మా తోబుట్టువులందరమూ అనుకున్నాము. ఆయన సర్పంచి కాదు, ఏ పదవిలోనూ లేరు. రెండు బ్యారన్లు, అంటే పచ్చాకును వేడి మీద ఎండబెట్టే కొట్లు, ఉన్న పొగాకు రైతు. అయినా ఊరిలో ఎవరికి దరఖాస్తు రాయాలన్నా, వేలం కేంద్రంలో గ్రేడు తగ్గించారని అడగాలన్నా, పెళ్లి మాటలకు పెద్దమనిషి కావాలన్నా ముందుగా మా వాకిట్లోకే వచ్చేవారు.

మా అన్నయ్య రాసిన మొదటి పేజీలో పరోపకారి, అజాతశత్రువు, మృదుస్వభావి అన్న మాటలే ఉన్నాయి. అవి ఏ పెద్దాయన గురించైనా రాయవచ్చు, పైగా మా నాన్నగారు మృదుస్వభావి కానే కాదు. బ్యారన్ దగ్గర కునుకు తీసిన మనిషిని వీధంతా వినేలా తిట్టి, తెల్లవారాక తన టీ గ్లాసు అతని చేతికే ఇచ్చేవారు. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఆయన చేబదుళ్లు రాసుకున్న నోటుపుస్తకం దొరికింది. చాలా పేర్ల ఎదుట డబ్బు ముట్టినట్టు రాయకుండానే గీత కొట్టేశారు. ఆయన మంచితనానికి అదే సాక్ష్యమనీ, రెండు పేజీలు అచ్చు వేద్దామనీ అన్నయ్య అంటున్నారు, అమ్మ వద్దంటున్నది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (సింగరాయకొండ, విశ్రాంత ఉపాధ్యాయుడు):

అమ్మా, విశేషణాలు తీసేసి, ఆ టీ గ్లాసు సంగతితో మొదలుపెట్టండి. తరువాత ఆయన ఈడువారిని ఒక్కొక్కరినీ విడిగా కలిసి మాట్లాడించండి, ఎందుకంటే నలుగురినీ ఒకచోట కూర్చోబెడితే మొదటి వ్యక్తి చెప్పిన దానికే మిగిలినవారు తల ఊపుతారు. ఏ సంవత్సరమని అడిగితే ఎవరికీ గుర్తుండదు. కావలి తుఫానుకు ముందా వెనుకా అని అడిగితే వెంటనే చెబుతారు. అది 1989 నవంబరు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు అంటే 1992. కరణం, మునసబు పదవులు పోయినప్పుడు అంటే 1984 మొదట్లో. తాలూకాలు పోయి మండలాలు వచ్చినది ఆ మరుసటి ఏడు. ఇలా ఆనవాళ్లు పెట్టుకుంటే ఆయన జీవితం వరుసలోకి వస్తుంది.

పుట్టిన తేదీని మాత్రం బడి రికార్డు చూసి నమ్మకండి. మా కాలంలో బడిలో చేర్చుకునే పంతులుగారే వయసు అంచనా వేసి ఒక తేదీ వేసేవారు. ఇంకొక సంగతి, మీ కందుకూరు తాలూకా 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు తిరిగి నెల్లూరులో చేరింది. మీ నాన్నగారు ఇల్లు కదలకుండానే జిల్లాలు మారారన్న మాట. పాత కాగితాలు వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

నోటుపుస్తకం విషయంలో మీ అన్నగారి మాటే సబబుగా తోస్తున్నది. పేర్లు కొట్టేసి అంకెలు మాత్రం వేయవచ్చు.

జవాబు (కలిగిరి మెట్ట రైతు):

మాస్టారి మాటలన్నీ బాగున్నాయి కానీ, పొగాకు రైతు జీవితాన్ని రాసేటప్పుడు ఆయన చేసిన పని గురించి రెండు పేజీలైనా ఉండాలి. ఆకు బ్యారన్‌లోకి ఎక్కిన తరువాత అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట సన్న వేడిలో ఆకు పసుపు తిరగాలి, ఆ రంగు నిలవాలి, చివరికి ఈనె ఎండేదాకా వేడిని నూట అరవై డిగ్రీల ఫారన్‌హీట్ వరకు పెంచుకుంటూ పోవాలి. అర్ధరాత్రి వేడి ఒక్కసారిగా పెరిగితే ఆకు మాడుతుంది, ఏడాది కష్టం పోతుంది. ఆయన ఎందుకు తిట్టేవారో ఇప్పటి పిల్లలకు ఇది చెబితేనే అర్థమవుతుంది.

మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలాలు 1985లో మొదలయ్యాయి. అంతకు ముందు రైతు వ్యాపారి చెప్పిన ధరకే ఆకు ఇచ్చి, డబ్బు కోసం తిరిగేవాడు. వేలం వచ్చాక కూడా బేలు (పొగాకు కట్ట) మీద చీటీలో ఏమి రాశారో చదువురానివారికి తెలిసేది కాదు. అది చదివి చెప్పే మనిషి ఊరికి ఒక్కరున్నా ఎంత ధైర్యమో, ఎవరూ పాట పాడక నోబిడ్ అయిన బేలును ఇంటికి తిరిగి మోసుకొచ్చిన వాళ్లకు తెలుసు. ఆయన ఎవరెవరి బేళ్ల పక్కన నిలబడ్డారో అడిగి రాయండి.

జవాబు (నెల్లూరు, మూలాపేట):

మాస్టారుగారు ఏమీ అనుకోకూడదు. పేర్లు కొట్టేసినా పల్లెటూరిలో ఆ అంకె ఎవరిదో పోల్చుకోవడానికి ఒక పూట చాలు. ఆ భోజనాల పంక్తిలోనే అప్పు తీసుకున్నవారి పిల్లలు కూర్చొని ఉంటారు. ఎవరినీ అడగకూడదనుకున్నారు కాబట్టే ఆయన గీత కొట్టారు. ఆయన మూసేసిన ఖాతాను మీరు తెరవడం న్యాయం కాదు. పుస్తకంలో అమ్మగారి మాటలు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి. ఇంతమంది మీ వాకిట్లోకి వచ్చారంటే వారందరికీ మజ్జిగో అన్నమో పెట్టిన చేయి ఒకటి ఉండే ఉంటుంది. ఆవిడ చెప్పినది చెప్పినట్టు ఫోనులో రికార్డు చేసి, దిద్దకుండా రాయండి.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నోటుపుస్తకం అచ్చు వేయడం లేదు. దానిని అమ్మకే ఇచ్చేశాము, ఏమి చేయాలో ఆవిడ ఇష్టం. ఆయనతో కలిసి వేలం కేంద్రానికి వెళ్లిన మా మేనమామగారితో ఆదివారం మాట్లాడబోతున్నాను. కలిగిరి అన్నగారూ, చీటీ మీద అప్పట్లో ఏమేమి రాసేవారో కొంచెం వివరంగా చెప్పగలరా? మామయ్యను ఏమి అడగాలో తెలుస్తుంది.