పండగ సెలవుల పుస్తకాలు: వరుస ముందే రాసుకోవాలా, చేతికందింది చదవాలా?

ముందుమాట:
(ముందుమాట, పాతసంచిక, సూచీపత్రం, రాత్రిదీపం అన్నవి ఇక్కడ మాట్లాడుతున్న నలుగురు చదువరుల మారుపేర్లు.) ప్రశ్న సూటిగా పెడుతున్నాను. పండగ సెలవుల్లో చదవబోయే పుస్తకాలకు వరుస ముందే ఖరారు చేసుకోవాలా, లేక నాలుగైదు దగ్గర పెట్టుకుని ఆ పూట ఏది మనసుకొస్తే అది తియ్యాలా? ఇప్పుడు సగంలో ఉన్నవాటిని ఏం చెయ్యాలన్నదీ ఇందులో భాగమే.

నా పక్షం మొదటిది. రాసుకోవాలి, అదీ పేజీల లెక్కతో. జాబితాలు రెండు మూడు రోజులకే మూలపడేది పుస్తకాలు సరిగ్గా ఎంచుకోకపోవడం వల్ల కాదు, లెక్క కట్టకపోవడం వల్ల.

లెక్క ఇలా కట్టాలి. చదువుతున్న పుస్తకంలో మొదటి 30 పేజీలు వదిలెయ్యండి. మనుషుల పేర్లు, చుట్టరికాలు పరిచయమయ్యే చోట ఎవరికైనా వేగం తక్కువే. ఆ తర్వాత మూడు వేర్వేరు చోట్ల ఇరవయ్యేసి నిమిషాలు మామూలు వేగంతో చదివి, ఎన్ని పేజీలయ్యాయో సగటు తియ్యండి. ఆ మూడింట్లో వర్ణన చిక్కగా ఉన్న చోటు ఒకటి, సంభాషణ సాగే చోటు ఒకటి ఉండాలి. 20 నిమిషాలకు 10 పేజీలు వస్తే గంటకు 30. ఇంకా 180 పేజీలు మిగిలి ఉంటే ఆరు గంటలు.

మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో పాత అధ్యయనాలెన్నో కలిపి తేల్చిన సగటులు, నిమిషానికి కథేతర గద్యం 238 పదాలు, కల్పన 260 పదాలు అన్నవి, ఇంగ్లీషు చదువరులవి. తెలుగులో విభక్తులూ సంధులూ పదంలోనే కలిసిపోతాయి కాబట్టి ఆ అంకెలు మనకు నప్పవు. పేజీల్లోనే కొలవాలి, అదీ ఏ పుస్తకానికి ఆ పుస్తకం విడిగా. అక్షరం సైజు, అంచులు మారితే పేజీలో పట్టే సరుకే మారిపోతుంది.

ఇక చదవడానికి దొరుకుతాయనుకున్న గంటలకు పండగ కోత వెయ్యాలి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ చేసిన అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ పూర్తికి సగటున 33.9 రోజులు చాలనుకున్నారు, పట్టింది 55.5 రోజులు. అనుకున్నది అయినదానిలో 0.6 వంతు. కాబట్టి 20 గంటలు దొరుకుతాయనిపిస్తే 12 గంటలకు సరిపడా పుస్తకాలే పెట్టుకోవాలి. గంటకు 30 చొప్పున 360 పేజీలు. అంటే సగంలో ఉన్నదాని 180 పేజీలు, ఆపైన 180 పేజీల కొత్త పుస్తకం ఒక్కటి. ఆరు పుస్తకాలు పేర్చుకున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి కట్టి చూడాలి.

పాతసంచిక:
ముందుమాట గారూ, కూడికలూ గుణకారాలూ సరిగ్గానే ఉన్నాయి. అయితే మీరు కొలిచింది గంటల్ని. పండగ రోజుల్లో దొరికేవి గంటలు కావు, ముక్కలు. 12 గంటలంటే మూడేసి గంటల దఫాలు నాలుగు కావచ్చు, ఇరవయ్యేసి నిమిషాల ముక్కలు 36 కావచ్చు. ఆ రెంటికీ ఒకే పుస్తకం సరిపోదు.

పుస్తకం తెరిచిన ప్రతిసారీ మళ్లీ అందులోకి దిగడానికే మూడు నిమిషాలు పోతాయనుకోండి. గంటలో మూడు పోతే 5 శాతం. ఇరవైలో మూడు పోతే 15 శాతం. దానికి తోడు, చేస్తున్న పని తెమలకుండా లేచి వస్తే మనసులో కొంత ఆ పని దగ్గరే ఆగిపోతుంది. పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ఉద్యోగపు పనుల మీద చూపించింది ఇదే. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అన్నీ తెమలని పనులే.

అందుకే వరుస కాదు, రకాలు కావాలి. ఎక్కువసేపు దొరికే పూటకు నవల ఒకటి. ఇరవై నిమిషాలకు కథల సంపుటో వ్యాసాలో. ఐదు నిమిషాలకు కవిత్వం. మూడూ ఒకేసారి నడుస్తుంటాయి, దొరికిన ముక్కను బట్టి ఏది తియ్యాలో తెలుస్తుంది. కాగితం మీద నవల మొదటిదని రాసుకున్నందుకు ఇరవై నిమిషాల్లోనూ దాన్నే తెరిస్తే, ఎవరు ఎవరికి ఏమవుతారో వెనక్కి తిప్పి చూసుకోవడంతోనే సరిపోతుంది.

కథల సంపుటి ముక్కలకు పనికొస్తుందనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకే రచయిత కథలు వరసపెట్టి ఐదారు చదివితే ముగింపులు తిరిగే తీరు పట్టుబడుతుంది, ఆ తర్వాత మంచి కథ కూడా ముందే తెలిసినట్టుంటుంది. ఒక పూటకు రెండు చాలు.

సూచీపత్రం:
మీ ఇద్దరి వాదనలో సగంలో ఉన్న పుస్తకం అలాగే ఉండిపోయింది. పండగ తర్వాత దాన్ని మళ్లీ తెరిచే వీలుండాలంటే పండగకు ముందే కొంత పని చెయ్యాలి.

మూడో వంతు కన్నా తక్కువ మిగిలితే కొత్తది ముట్టుకోకుండా ముగించెయ్యండి. పాతిక ముప్పై పేజీల దగ్గరే ఉంటే పేజీ గుర్తు తీసేసి అలమరలో పెట్టెయ్యండి, తర్వాత మొదటి పేజీ నుంచి ఎత్తుకోవచ్చు. నష్టం ఒక గంట. చిక్కంతా నడిమధ్య ఉన్నవాటితోనే, ముఖ్యంగా పదిహేను ఇరవైమంది పాత్రలున్న నవలతో. పేజీ గుర్తు ఎక్కడున్నామో చెబుతుంది, ఎవరికి ఏం తెలుసో చెప్పదు. నవల మర్చిపోవడమంటే చాలావరకు ఈ రెండోదే: ఫలానా రహస్యం ఈ పాత్ర చెవిన పడిందా లేదా అన్నది జారిపోతుంది, తర్వాతి సంభాషణల పదును అందదు.

అందుకు ఒక చీటీ రాసి పెట్టాలి. ఐదు వరుసలు చాలు. పేజీ సంఖ్య, కథలో నడుస్తున్న కాలం, చోటు. చివరి దృశ్యంలో ఎవరెవరున్నారు. ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు. ఇంకా తేలని ప్రశ్న ఏమిటి. కథ చెబుతున్నది ఎవరు. ఇది ఆపిన రోజే రాయాలి. జ్ఞాపకం మొదటి రోజునే నిటారుగా పడిపోతుందని, తర్వాత ఆ పడడం నెమ్మదిస్తుందని మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. వారం తర్వాత రాద్దామంటే రాయడానికి ఏమీ మిగలదు.

చీటీ పల్చటి కాగితమై ఉండాలి. దళసరి అట్టముక్క, పెన్ను, కళ్లజోడు పెట్టి మూస్తే వెన్ను ఒకవైపుకు వంగిపోతుంది. జిగురు చీటీలు పాత కాగితానికి అంటించవద్దు, తీసేటప్పుడు పొర లేచొస్తుంది, జిగురు మరక దిగుతుంది.

ఆపేది అధ్యాయం చివర ఆపాలి. శుభ్రంగా ముగిసిన చోటు గుర్తుంటుంది.

రాత్రిదీపం:
చివరి మాట ఒప్పుకోను, సూచీపత్రం గారూ. అధ్యాయం ముగిసిన చోట ఆపితే మళ్లీ తెరవాలన్న తహతహ తగ్గుతుంది. తర్వాతి అధ్యాయం ఒకటి రెండు పేజీలు చదివి, దృశ్యం నడుస్తుండగా ఆపాలి. మధ్యలో ఆగిన పనులే ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో అన్నది తర్వాతి ప్రయోగాల్లో నిలకడగా రాలేదు, అది వదిలేద్దాం. కానీ ఆగిపోయిన పనిని మనిషి తనంతట తానే మళ్లీ అందుకుంటాడని మరియా ఓవ్సియాంకినా 1928లో చెప్పింది వేరే సంగతి. మనక్కావలసింది అదే. గుర్తుంచుకునే పని మీ చీటీ చూసుకుంటుంది, తెరిపించే పని సగంలో ఆగిన దృశ్యం చూసుకుంటుంది.

ఇక రాబోయే పుస్తకాలు. విడుదల తేదీ ప్రకటించిన పుస్తకాన్ని పండగ జాబితాలో పెట్టకండి. తేదీలు జరుగుతాయి, పార్శిళ్లు పండగ రద్దీలో ఆలస్యమవుతాయి. చేతిలో లేని పుస్తకం జాబితాలో ఉంటే దానికోసం ఉన్నదాన్ని మొదలుపెట్టకుండా ఆగుతాం. లైబ్రరీలో రిజర్వు చేసినవాటితో దీనికి తిరగబడ్డ ఇబ్బంది: మూడు నాలుగు ఒకే వారంలో వచ్చిపడతాయి. ఈ-పుస్తకాల అరువు చాలాచోట్ల 14 రోజులో 21 రోజులో, గడువు కాగానే ఫైలు దానంతటదే మూసుకుపోతుంది. రిజర్వేషన్ వాయిదా వేసుకునే వీలుంటే ఒకటి మాత్రం వదిలి మిగతావి పండగ తర్వాతకు జరపండి. అచ్చు పుస్తకాలకైతే లైబ్రరీ సెలవు రోజులు చూసుకుని గడువు ముందే పొడిగించుకోవాలి.

ప్రయాణానికి ఈ-పుస్తకాలు దింపుకునేవాళ్లు ప్రతి ఫైలునూ ఇంట్లోనే, నెట్ ఆపేసి, ఒకసారి తెరిచి మధ్య పేజీ దాకా వెళ్లి చూడాలి. ఒక్కోసారి పేరు, అట్ట కనిపిస్తాయి, లోపలి పేజీలు మాత్రం దిగి ఉండవు. ఈ సంగతి బండిలో కూర్చున్నాక తెలిస్తే చేసేదేమీ లేదు.

రాత్రి అందరూ పడుకున్నాక చదివేదానికి మాత్రం కాగితమే. 2015లో ఛాంగ్ బృందం 12 మంది మీద చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు నాలుగు గంటలు వెలుగు చిమ్మే తెర మీద చదివినవాళ్లకు అచ్చు పుస్తకం చదివిన రాత్రుల కన్నా నిద్ర పట్టడానికి దాదాపు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది, మర్నాడు పొద్దున మత్తూ ఎక్కువే. ప్రయోగం చిన్నది, తెర వెలుగు కూడా పూర్తిగా పెంచి చూశారు. అయినా పండగ రోజుల్లో అసలే నిద్ర తక్కువ.

ముందుమాట:
పాతసంచిక గారు చెప్పిన రకాలు బావున్నాయి, కానీ వాటిని రాసుకోకపోతే ఏమవుతుందో చూడండి. నవల, కథలు, కవిత్వం మూడూ తెరిచి ఉంచితే తేలికైనదే ప్రతిసారీ గెలుస్తుంది. నవల అక్కడే ఉంటుంది. నా జాబితాలో వరుసతో పాటు ప్రతి పుస్తకం ఎదురుగా ఎంతసేపు దొరికితే తెరవాలో కూడా రాస్తాను. నవలకు కనీసం 45 నిమిషాలు. అంతకన్నా తక్కువైతే జాబితాలో ఆ కాసేపటికి సరిపోయే ఇంకో పుస్తకం. నవలకు రోజులో ఏ పూట కేటాయించానో అదీ రాయాలి. సాధారణంగా అందరూ లేవకముందు గంట. అలా రాయని నవల పండగల్లో ముందుకు సాగదు.

వదిలెయ్యడం గురించి కూడా ముందే రాసుకోవాలి. లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన సూత్రం తెలిసే ఉంటుంది: 50 పేజీలు చదివి చూడు, పట్టకపోతే వదిలెయ్, 50 ఏళ్లు దాటినవాళ్లు వందలోంచి వయసు తీసేస్తే ఎన్ని మిగిలితే అన్ని పేజీలు. 65 ఏళ్లవాళ్లకు 35 పేజీలన్నమాట. కొద్ది రోజుల సెలవుల్లో ఈ గీత చాలా ముఖ్యం.

పాతసంచిక:
ఆ సూత్రాన్ని అన్ని పుస్తకాలకూ ఒకేలా వాడకూడదు. 800 పేజీల నవలలో 50 పేజీలంటే 6 శాతం, ఇంకా మనుషులే పూర్తిగా రాలేదు. 120 పేజీల నవలికలో 42 శాతం, అక్కడ అంతదాకా ఆగడమే ఎక్కువ. నా లెక్కకు పదో వంతు సరైన కొలత, చిన్నవాటికి 20 పేజీలు. పాత గద్యానికీ అనువాదాలకూ ఇంకాస్త ఓపిక పట్టాలి. వాక్యం నడక చెవికి అలవాటయ్యేలోపు అవి ఇచ్చే చికాకు పుస్తకానిది కాకపోవచ్చు.

జాబితా మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. ముందే రాసుకున్నది, డబ్బు పెట్టి కొన్నది వదలడం కష్టం. ఆర్క్స్, బ్లూమర్ 1985లో నాటకాల సీజన్ టికెట్ల మీద ఈ సంగతి పరీక్షించారు: పూర్తి ధర పెట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో తగ్గింపు ధరకు కొన్నవాళ్ల కన్నా ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అవే, పెట్టిన డబ్బే తేడా. పండగకని ప్రత్యేకంగా కొన్న పుస్తకం, జాబితాలో మొదటి వరుసలో ఉన్న పుస్తకం, ఇవి రెండూ అదే పట్టు పడతాయి. నచ్చకపోయినా లాగుతాం, మిగతావన్నీ దాని వెనకాల ఆగిపోతాయి. సంవత్సరాంతానికి ఇన్ని పుస్తకాలని లెక్క పెట్టుకున్నవాళ్లయితే ఇంకా నష్టపోతారు, అంకె కోసం సన్నవాటినే తీస్తారు.

సూచీపత్రం:
రాత్రిదీపం గారూ, దృశ్యం మధ్యలో ఆపడం రేపు తెరిచేవాళ్లకు సరే. పది రోజులు ఆగేవాళ్లకు ఆ సగం దృశ్యమే అర్థం కాదు, మళ్లీ అధ్యాయం మొదటికి వెళ్లాల్సిందే. ఎంతకాలం విరామమో దాన్ని బట్టి ఆపే చోటు. రెండు మూడు రోజులకు మీ పద్ధతి, వారం దాటితే నాది.

రాబోయే పుస్తకాల్లో సంపుటాల వరుసలో తర్వాతిది ఉంటే ఈ సెలవులు దానికి తయారీగా వాడుకోవచ్చు. పాత సంపుటాలన్నీ మళ్లీ చదవక్కర్లేదు. వెనకటి సంపుటం చివరి 50 పేజీలు, మొదటి సంపుటంలో పాత్రలు ప్రవేశించే అధ్యాయాలు చదివితే చాలు. పేర్ల పట్టిక ఒకటి చేతిరాతతో వేసుకోవాలి. నెట్‌లో దొరికే పట్టికల్లో కథ చివర్లో తేలే సంగతులు పేరు పక్కనే రాసేస్తారు.

రాత్రిదీపం:
విరామాన్ని బట్టి అన్నది ఒప్పుకుంటాను. ఆడియో సంగతి ఎవరూ ఎత్తలేదు. చేతులు పనిలో ఉన్న గంటలు పండగల్లోనే ఎక్కువ. 10 గంటల రికార్డింగును 1.25 వేగంతో వింటే 8 గంటలు. కానీ పేర్లు ఎక్కువున్న నవలకు అది పనికిరాదు, వెనక్కి తిప్పి చూడలేం. ఇదివరకు చదివిన పుస్తకమో, జీవితచరిత్రో, ప్రయాణాల పుస్తకమో పెట్టుకోవాలి. నవలను సగం కాగితం మీద, సగం ఆడియోలో చదవాలనుకుంటే అధ్యాయాల సంఖ్యలు రెంటిలో ఒకటేనా అని ముందే చూడండి. పుస్తకానికి రాసిన ముందుమాటను ఆడియోలో మొదటి అధ్యాయంగా లెక్కపెడితే సంఖ్యలన్నీ ఒక్కోటి చొప్పున జరుగుతాయి.

ముందుమాట:
పాతసంచిక గారి అభ్యంతరానికి జవాబు: జాబితాలో ప్రతి పుస్తకానికీ దాని పదో వంతు ఎన్నో పేజీ దగ్గర పడుతుందో ముందే రాయండి, ఆ పేజీలో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. అక్కడికి రాగానే ఆగి నిర్ణయించుకోవాలి. పుస్తకం తెరవకముందు పెట్టిన చుక్క కాబట్టి ధరతో దానికి పని లేదు. లైబ్రరీ పుస్తకమైతే చుక్క బదులు చీటీ.

పాతసంచిక:
చుక్క మాట బావుంది, వరుస మాట మాత్రం ఇంకా ఒప్పుకోను. నా మూడు రకాల్లో ప్రతిదానికీ అదనంగా ఒకటి సిద్ధంగా ఉంచుకుంటే వదిలేసినప్పుడు వెంటనే ఇంకోటి అందుకోవచ్చు, ఏది ముందన్నది రాసుకోనక్కర్లేదు. ఇంకో సంగతి, ఆ పుస్తకాలు కొత్తవైతే సెలవులకు ముందే వెన్ను సడలించి పెట్టండి. ముందు అట్ట, వెనక అట్ట పడుకోబెట్టి, రెండు వైపుల నుంచీ మార్చి మార్చి పదేసి పేజీలు తెరుస్తూ, మడత దగ్గర వేలితో మెల్లగా నొక్కుతూ మధ్యకు రావాలి. జిగురు బైండింగ్ పుస్తకాన్ని ఒకేసారి మధ్యకు విరిచి తెరిస్తే అక్కడే జిగురు పగిలి పేజీలు ఊడతాయి. చుట్టాల చేతులు మారే రోజుల్లో అలాంటి పుస్తకం ఇంకా తొందరగా విడిపోతుంది.